చేతి వైకల్యాలు: నాడులు, కండరాలు దెబ్బతిన్నప్పుడు ఏమి జరుగుతుంది?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు
• చేతిని నడిపే మూడు ముఖ్యమైన నాడుల పనిని వివరించగలుగుతారు.
• చేయి వంగిన తీరును బట్టి ఏ నాడి లేదా ఏ కండరం దెబ్బతిన్నదో గుర్తించగలుగుతారు.
• కుష్టువ్యాధిలో వేళ్లు వంకరపోవడానికి కారణం తెలుసుకుంటారు.
• ఈ వైకల్యాల నివారణలో, చికిత్సలో సమయం ఎందుకు కీలకమో చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఈసారి భోజనం చేసేటప్పుడు, ముద్ద కలిపి నోటి దగ్గరకు తీసుకువెళ్లే క్షణంలో మీ చేతిని ఒకసారి గమనించండి. వేళ్లు అరచేతితో కలిసే చోట వంగి ఉంటాయి. అక్కడి నుంచి కొనల వరకు దాదాపు తిన్నగా ఉంటాయి. బొటనవేలు మిగిలిన వేళ్లకు ఎదురుగా వచ్చి ముద్దను నోట్లోకి నెడుతుంది. మణికట్టు వాలిపోకుండా నిలబడి ఉంటుంది. రోజూ చేసే పని కాబట్టి ఇందులో విశేషం ఉన్నట్లు మనకు అనిపించదు. కాని ఈ ఒక్క భంగిమకు మూడు నాడులు, పదుల సంఖ్యలో కండరాలు కలిసి పనిచేయాలి. వాటిలో ఒక్క నాడి పనిచేయకపోయినా ముద్ద సరిగా పట్టలేం.

చేయి వైకల్యం పొందితే పోయేది అందం ఒక్కటే కాదు. నాట్లు వేసే వారికి, బీడీలు చుట్టే వారికి, కుట్టుమిషను మీద పనిచేసే వారికి చేయే జీవనాధారం. కాబట్టి ఈ పాఠంలో ముఖ్యమైన విషయాన్ని ముందుగానే చెబుతాను. నాడి దెబ్బతిన్నంత మాత్రాన చేయి శాశ్వతంగా వంకరపోదు. కండరం పూర్తిగా క్షీణించే వరకు, కీళ్లు బిగిసిపోయే వరకు కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి కొన్ని సందర్భాల్లో కొన్ని గంటలు, మరికొన్ని సందర్భాల్లో కొన్ని నెలలు. ఆ లోపల గుర్తించగలిగితే చాలా వైకల్యాలను ఆపవచ్చు. గుర్తించాలంటే చేతి ఆకారాన్ని చదవడం నేర్చుకోవాలి.

2. ఒక మాట గురించి వివరణ

వాడుకలో 'నరం' అనే మాటను మనం చాలా వాటికి వాడతాం. చర్మం కింద నీలంగా కనిపించే సిరను నరం అంటాం. మణికట్టు దగ్గర తాడులా ఉబ్బి కనిపించే దాన్నీ నరమే అంటాం. ఈ పాఠంలో మూడింటినీ వేరు చేసి చూడాలి. రక్తాన్ని గుండెకు తీసుకువెళ్లేది సిర. కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు వంటిది స్నాయుబంధనం. మెదడు, వెన్నుపాముల నుంచి ఆజ్ఞలను కండరాలకు, చర్మం నుంచి స్పర్శను మెదడుకు చేరవేసేది నాడి. 'నాడి చూడటం' అన్నప్పటి నాడి వేరు. అది ధమని కొట్టుకోవడం. ఆ అర్థంలో ఈ పాఠంలో 'పల్స్' అనే మాట వాడుతున్నాను.

3. చేతి నిర్మాణం

మణికట్టు నుంచి వేలికొనల వరకు ఒక్కో చేతిలో 27 ఎముకలు ఉంటాయి: మణిబంధాస్థులు 8, కరభాస్థులు 5, అంగుళ్యాస్థులు 14. వీటిని కదిలించే కండరాలు రెండు రకాలు.

మొదటి రకం ముంజేతిలో ఉండే పెద్ద కండరాలు. వీటి స్నాయుబంధనాలు మణికట్టు దాటి వేళ్ల వరకు వస్తాయి. వేళ్లలో కదలికకు కండరాలే లేవు. బావి గిలక మీది తాడును ఇవతల లాగితే అవతల బొక్కెన కదిలినట్లు, ముంజేతిలో కండరం సంకోచిస్తే వేలు కదులుతుంది. ముంజేయి ముందువైపు కండరాలు వేళ్లను ముడుస్తాయి. వెనుకవైపు కండరాలు వేళ్లను చాస్తాయి, మణికట్టును పైకెత్తుతాయి.

రెండో రకం అరచేతిలోనే ఉండే చిన్న కండరాలు. వీటిలో లంబ్రికల్ కండరాలు 4, ఎముకల మధ్య ఉండే ఇంటరాసియై కండరాలు 7. ఇవి వేలిని మొదలు కీలు దగ్గర వంచి, నడిమి కీలు, కొన కీలు దగ్గర తిన్నగా ఉంచుతాయి. ముద్ద పట్టిన చేతి భంగిమ సరిగ్గా ఇదే. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే కండరాలు కూడా ఈ రకానికి చెందినవే.

మెడ భాగంలో వెన్నుపాము నుంచి బయలుదేరిన నాడీమూలాలు కలిసి చేతికి వచ్చే నాడులుగా ఏర్పడతాయి. వాటిలో మనకు ముఖ్యమైనవి మూడు.

• రేడియల్ నాడి: మణికట్టును పైకెత్తే, వేళ్లను చాచే కండరాలను నడుపుతుంది. అరచేతిలోని చిన్న కండరాల్లో ఒక్కటి కూడా దీని కిందికి రాదు.
• మీడియన్ నాడి: ముంజేయి ముందువైపు కండరాల్లో ఎక్కువ వాటిని, బొటనవేలిని ఎదురుగా తెచ్చే కండరాలను నడుపుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగానికి అరచేతి వైపు స్పర్శను ఇస్తుంది.
• అల్నార్ నాడి: అరచేతిలోని చిన్న కండరాల్లో అత్యధిక భాగాన్ని నడుపుతుంది. చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో మిగిలిన సగానికి స్పర్శను ఇస్తుంది.

4. వంకర ఎందుకు వస్తుంది?

పందిరి రాటను నిలబెట్టడానికి రెండు వైపులా తాళ్లు కట్టి లాగుతాం. రెండు తాళ్లు సమానంగా బిగిసి ఉన్నంతసేపు రాట నిటారుగా ఉంటుంది. ఒక తాడు తెగితే రెండోది లాగిన వైపుకు రాట ఒరుగుతుంది. కీలు విషయంలోనూ ఇదే సూత్రం. ప్రతి కీలుకు అటు ఇటు ఎదురెదురు కండరాలు ఉంటాయి. ఒక వైపు కండరం చచ్చుబడితే, బాగున్న కండరం కీలును తన వైపుకు లాగుతుంది. అంటే వంకరకు బలమిచ్చేది చచ్చుబడిన కండరం కాదు, ఆరోగ్యంగా ఉన్న కండరం. ఈ సూత్రం అర్థమైతే కింది వైకల్యాలను బట్టీ పట్టవలసిన అవసరం లేదు.

5. అల్నార్ నాడి: క్లా హ్యాండ్

మోచేయి గడపకు తగిలినప్పుడు చిటికెన వేలి వరకు కరెంటు షాక్ కొట్టినట్లు జిల్లుమనడం మీకు అనుభవమే. అక్కడ తగిలింది ఎముకకు మాత్రమే కాదు, చర్మానికి చాలా దగ్గరగా సాగే అల్నార్ నాడికి. అంత పైపైన ఉండటం వల్లే మోచేయి విరిగినా, గాజు పెంకు మణికట్టును కోసినా ఈ నాడి తేలికగా దెబ్బతింటుంది.

ఈ నాడి పనిచేయకపోతే అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడతాయి. అప్పుడు వేలి మొదలు కీలును వంచేవారు ఉండరు. వేళ్లను చాచే పెద్ద కండరం ఆ కీలును వెనక్కి లాగేస్తుంది. నడిమి, కొన కీళ్లను తిన్నగా ఉంచే శక్తి పోయింది కాబట్టి, ముడిచే పెద్ద కండరం వాటిని లోపలికి వంచుతుంది. ఫలితంగా చిటికెన వేలు, ఉంగరపు వేలు పక్షి పంజాలా వంగుతాయి. దీన్నే క్లా హ్యాండ్ అంటారు. మీడియన్ నాడి కూడా దెబ్బతింటే నాలుగు వేళ్లూ అలాగే వంగుతాయి. ముద్ద పట్టే భంగిమకు ఇది పూర్తిగా తలకిందులు.

తరగతిలో విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: నాడి ఎంత పైన తెగితే వంకర అంత ఎక్కువగా ఉండాలి కదా? ఇక్కడ అలా జరగదు. నాడి మోచేయి దగ్గర లేదా ఇంకా పైన తెగితే వంకర తక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ రెండు వేళ్ల కొనలను ముడిచే పెద్ద కండర భాగం కూడా ఈ నాడి కిందిదే. అదీ చచ్చుబడటంతో కొనలను లోపలికి లాగేది ఉండదు. పందిరి రాటకు రెండో తాడు కూడా వదులైనట్లు. నష్టం ఎక్కువ, కాని వంకర తక్కువ. కాబట్టి వంకర ఎంత ఉందో చూసి నష్టాన్ని అంచనా వేయకూడదు.

మీరే చేసి చూడండి: ఒక కాగితాన్ని బొటనవేలికి, చూపుడువేలి పక్క భాగానికి మధ్య పట్టుకోండి. మరొకరిని దాన్ని లాగమనండి. మామూలుగా బొటనవేలు తిన్నగా ఉండి కాగితాన్ని బిగించి పడుతుంది. అల్నార్ నాడి పనిచేయని వారిలో బొటనవేలి కొన కీలు వంగిపోతుంది. లోపించిన కండరానికి బదులు మీడియన్ నాడి నడిపే కండరం సాయానికి రావడమే ఇందుకు కారణం. ఫ్రెంచి వైద్యుడు జూల్ ఫ్రోమాన్ పేరు మీద దీన్ని ఫ్రోమాన్ పరీక్ష అంటారు. తాళంచెవి తిప్పలేకపోవడం కూడా ఈ లోపానికి గుర్తే.

6. రేడియల్ నాడి: రిస్ట్ డ్రాప్

రేడియల్ నాడి దండచేతిలోని భుజాస్థిని చుట్టుకుని కిందికి వస్తుంది. అందుకే ఆ ఎముక నడుమ విరిగితే ఈ నాడి దెబ్బతినే అవకాశం ఉంది. కుర్చీ వీపు మీద చేయి వేలాడేసి గాఢనిద్రలోకి జారినా, చంకకర్ర చంకలో ఎక్కువ కాలం ఒత్తుకున్నా ఇదే సమస్య రావచ్చు. మణికట్టు వాలిపోతుంది, పైకెత్తలేరు. దీన్ని రిస్ట్ డ్రాప్ అంటారు.

ఈ రోగులు పిడికిలి కూడా బిగించలేకపోతున్నామని చెబుతారు. పిడికిలి బిగించే కండరాలు రేడియల్ నాడి కింద లేవు కదా, మరి ఎందుకు?

మీరే చేసి చూడండి: మణికట్టును పూర్తిగా కిందికి వాల్చి పిడికిలి బిగించండి. ఇప్పుడు మణికట్టును కాస్త పైకెత్తి బిగించండి. మొదటిసారి పట్టు వదులుగా ఉంటుంది. మణికట్టు వాలినప్పుడు ముడిచే స్నాయుబంధనాలు వదులైపోయి, కండరం ఎంత లాగినా బలం వేళ్లకు చేరదు. కాబట్టి మణికట్టును ఎత్తి నిలిపే చిన్న చెక్క లేదా ప్లాస్టిక్ ఆధారం, అంటే స్ప్లింట్, కట్టుకుంటే పట్టు చాలావరకు తిరిగి వస్తుంది. ఒత్తిడి వల్ల వచ్చిన రిస్ట్ డ్రాప్ ఎక్కువమందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఆ లోపల కీళ్లు బిగిసిపోకుండా చూడటమే మన పని.

7. మీడియన్ నాడి: ఎదురు రాని బొటనవేలు

మీడియన్ నాడి మణికట్టు దగ్గర ఒక ఇరుకైన సొరంగం గుండా అరచేతిలోకి వస్తుంది. ఆ సొరంగంలో నాడి ఒత్తుకుపోవడాన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మొదట రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చేయి విదిలిస్తే తగ్గుతుంది. గర్భిణులలో, థైరాయిడ్ లోపం, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. నిర్లక్ష్యం చేస్తే బొటనవేలి మొదట్లోని ఉబ్బెత్తు క్రమంగా చదునైపోతుంది. బొటనవేలు మిగిలిన వేళ్లకు ఎదురుగా రాలేక వాటి పక్కనే ఒకే వరుసలో ఉండిపోతుంది. వైద్య గ్రంథాలు దీన్ని ఏప్ హ్యాండ్ అని పిలుస్తాయి. ముగ్గుపిండిని రెండు వేళ్ల మధ్య పట్టి సన్నగా జార్చడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, నాణెం తీయడం వంటి పనులు కష్టమవుతాయి.

మీరే చేసి చూడండి: అరచేతిని పైకి ఉంచి చేతిని బల్ల మీద ఆనించండి. మిగిలిన వేళ్లు కదలకుండా బొటనవేలిని నేరుగా ఇంటి కప్పు వైపు ఎత్తండి. మీడియన్ నాడి దెబ్బతిన్నవారు ఇది చేయలేరు.

8. నాడి కాదు, కండరమే చనిపోతే: వోక్‌మన్ సంకోచం

ఇప్పటివరకు చెప్పినవాటిలో కండరం బాగానే ఉంది, ఆజ్ఞ అందడం లేదు. ఇక్కడ కండరానికి రక్తమే అందదు. జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ వోక్‌మన్ 1881లో దీన్ని వివరించాడు.

పిల్లవాడు చెట్టు మీద నుంచి పడి మోచేయికి కాస్త పైన ఎముక విరుగుతుంది. వాపు వస్తుంది. దానిపై బిగుతుగా కట్టు కడతారు. ముంజేయి కండరాలు సాగని పొరల మధ్య ఉంటాయి కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోతుంది. అలా సుమారు 6 గంటలు గడిస్తే కండరం చనిపోవడం మొదలవుతుంది. చనిపోయిన కండరం తర్వాత గట్టి పీచులా మారి పొట్టిదవుతుంది. వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. ఈ వైకల్యానికి ఒక ప్రత్యేక గుర్తు ఉంది: మణికట్టును వంచితే వేళ్లు తెరుచుకుంటాయి, మణికట్టును పైకెత్తితే ముడుచుకుంటాయి. పొట్టిదైన తాడు రెండు కీళ్లకూ ఒకేసారి సరిపోకపోవడమే కారణం.

ప్రమాద సూచనలు గుర్తుంచుకోండి. కట్టు కట్టాక నొప్పి తగ్గకపోగా పెరుగుతుండటం. వేళ్లను మనం మెల్లగా చాపితే పిల్లవాడు కేకలు వేయడం. వేళ్లు పాలిపోవడం లేదా నీలంగా మారడం, తిమ్మిరి, కదిలించలేకపోవడం. మణికట్టు దగ్గర పల్స్ అందుతున్నా ఈ ప్రమాదం లేదని అనుకోకూడదు. వెంటనే కట్టు విప్పించాలి. అప్పటికీ తగ్గకపోతే బిగిసిన పొరలను కోసి ఒత్తిడి తగ్గించే అత్యవసర శస్త్రచికిత్స అవసరం. కట్టు కట్టింది వైద్యుడైనా, ఊరిలో ఎముకలు కట్టేవారైనా నియమం ఒక్కటే. 'తెల్లారాక చూద్దాం' అనుకున్న ఆ ఒక్క రాత్రి పిల్లవాడి చేతిని తీసుకుపోవచ్చు.

9. కుష్టువ్యాధి, వెల్లూరు పాఠం

మన దేశంలో క్లా హ్యాండ్‌కు ఒక ముఖ్య కారణం కుష్టువ్యాధి. ఈ వ్యాధిని కలిగించే మైకోబ్యాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో గుర్తించాడు. ఇది శరీరంలో చల్లగా ఉండే భాగాలను ఇష్టపడుతుంది, నాడుల్లో చేరుతుంది. మోచేయి దగ్గర చర్మానికి ఆనుకుని ఉండే అల్నార్ నాడి అందుకు అనువైన చోటు. నాడి లావెక్కుతుంది, నొక్కితే నొప్పి పెడుతుంది, క్రమంగా పని మానేస్తుంది. వేళ్లు వంగుతాయి. వాటితోపాటు స్పర్శ పోతుంది.

వేళ్లు కుళ్లి రాలిపోతాయనే నమ్మకం జనంలో చాలాకాలం ఉండేది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. అక్కడ రోగుల చేతులను ఓపికగా పరిశీలించి, వేళ్లు పోవడానికి కారణం నేరుగా వ్యాధి కాదని చూపాడు. నొప్పి తెలియని చేయి వేడి గిన్నెను పట్టుకుంటుంది. బొబ్బ పగిలినా పని ఆపదు. రాత్రి నిద్రలో ఎలుక కొరికినా మెలకువ రాదు. ఇలాంటి గాయాలు మళ్లీ మళ్లీ కావడం వల్ల వేళ్లు అరిగిపోతాయి. గాయాన్ని కాపాడితే కుష్టు ఉన్నవారి చేయి కూడా మానుతుంది.

ఆయన మరో విషయం గమనించాడు. ఈ వ్యాధిలో ముంజేతిలోని పెద్ద కండరాల్లో చాలా వరకు బలంగానే ఉంటాయి. అయితే వాటిలో ఒకదాని స్నాయుబంధనాన్ని చీల్చి, వంగిన నాలుగు వేళ్లకు అమర్చి, పోయిన చిన్న కండరాల పని చేయించవచ్చు. స్నాయుబంధన మార్పిడి అనే ఈ పద్ధతిని వెల్లూరులో 1940ల చివరి నుంచి కుష్టు రోగుల చేతులకు వర్తింపజేశారు. శస్త్రచికిత్స తర్వాత రోగి తన చేతికి కొత్త పని నేర్పాలి. అదివరకు మణికట్టును కదిలించిన కండరంతో ఇప్పుడు వేళ్లను కదిలించాలి. దీనికి వారాల తరబడి వ్యాయామం కావాలి.

10. సమయం లెక్క

తెగిన నాడిని కుడితే అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. అల్నార్ నాడి మోచేయి దగ్గర తెగితే అరచేతి కండరాలు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే 300 రోజులు. చంక దగ్గర తెగితే దూరం 50 సెంటీమీటర్లకు పైనే. అంటే 500 రోజులకు పైగా. నాడి లేని కండరం 12 నుంచి 18 నెలల తర్వాత పీచుగా మారిపోయి, నాడి తిరిగి వచ్చినా స్పందించదు. మొదటి సందర్భంలో ఆశ ఉంది, రెండో సందర్భంలో చాలా తక్కువ. అందుకే కొందరికి నాడి కుట్టడం, కొందరికి స్నాయుబంధన మార్పిడి సూచిస్తారు. ఏది చేయాలన్నా కీళ్లు మెత్తగా ఉండాలి. రోజూ రెండో చేత్తో వేళ్లను మెల్లగా చాచడం, నూనె రాయడం, స్ప్లింట్ వాడటం ఎదురుచూసే కాలంలో చేయవలసిన పనులు.

కుష్టులో నాడి దెబ్బతిని 6 నెలలు దాటకముందే గుర్తిస్తే, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్‌తో చాలామందిలో నాడి పని మెరుగుపడే అవకాశం ఉంది. బహుళ ఔషధ చికిత్స వ్యాధిని రకాన్ని బట్టి 6 లేదా 12 నెలల్లో నయం చేస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇది ఉచితం. కాని మందు సూక్ష్మజీవిని చంపుతుందే తప్ప, బిగిసిన వేలిని చాపలేదు. స్పర్శ లేని మచ్చ కనిపించిన రోజే వెళ్లడం వేరు, వేళ్లు వంగాక వెళ్లడం వేరు.

11. సమాజం, చట్టం

జాతీయ స్థాయిలో 10,000 జనాభాకు ఒకరి కంటే తక్కువ రోగులున్న స్థితికి భారతదేశం 2005 డిసెంబరులో చేరుకుంది. దీని అర్థం వ్యాధి అంతరించిందని కాదు. కొత్త రోగులు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నారు. వంకర వేళ్లు ఉన్న వ్యక్తిని చూసి వ్యాధి ఇంకా ఉందని అనుకోవడం పొరపాటు. చికిత్స పూర్తయిన వ్యక్తి నుంచి వ్యాధి ఎవరికీ సోకదు. మిగిలింది నాడి దెబ్బ ఆనవాలు మాత్రమే. వికలాంగుల హక్కుల చట్టం, 2016 కుష్టు నయమైనవారిని కూడా తన పరిధిలో చేర్చింది. కుష్టువ్యాధిని విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో చట్ట సవరణ ద్వారా తొలగించారు. ఈ పాఠం చదువుతున్న మీలో ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఉండవచ్చు. చేతిని చూడగానే ముఖం తిప్పుకోకుండా, చేతిని పట్టుకుని పరీక్షించగలగడం ఈ చదువు వల్ల మీకు కలగవలసిన మొదటి ప్రయోజనం.

సారాంశం

కీలుకు ఇరువైపులా ఉన్న కండరాల సమతుల్యం తప్పడం వల్ల చేయి వంగుతుంది. అల్నార్ నాడి దెబ్బతింటే క్లా హ్యాండ్, రేడియల్ నాడి దెబ్బతింటే రిస్ట్ డ్రాప్, మీడియన్ నాడి దెబ్బతింటే ఎదురు రాని బొటనవేలు కనిపిస్తాయి. రక్తం అందక కండరం చనిపోతే వోక్‌మన్ సంకోచం ఏర్పడుతుంది. చివరి దానికి గంటల్లో, మిగిలిన వాటికి నెలల్లో స్పందించాలి. స్పర్శ పోయిన చేతిని గాయాల నుంచి కాపాడటం చికిత్సలో భాగమే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. అల్నార్ నాడి మోచేయికి పైన తెగినప్పుడు వేళ్ల వంకర తక్కువగా కనిపించడానికి కారణమేమిటి?
2. రిస్ట్ డ్రాప్ ఉన్నవారికి పిడికిలి పట్టు ఎందుకు తగ్గుతుంది? స్ప్లింట్ ఎలా సాయపడుతుంది?
3. చేతికి కట్టు కట్టిన పిల్లవాడు రాత్రి నొప్పితో ఏడుస్తున్నాడు. మీరు ఏ గుర్తులు పరిశీలిస్తారు? ఏమి చేస్తారు?
4. నాడి తెగిన చోటు నుంచి కండరానికి దూరం 18 సెంటీమీటర్లు. నాడి అక్కడికి చేరడానికి సుమారు ఎన్ని రోజులు పడుతుంది? ఆ కాలంలో తీసుకోవలసిన జాగ్రత్తలు రాయండి.
5. కుష్టువ్యాధిలో వేళ్లు పోవడం గురించిన పాత నమ్మకాన్ని పాల్ బ్రాండ్ పరిశీలనలు ఎలా మార్చాయి?